లక్ష తుపాకులు చేసి "లిమిటెడ్ ఎడిషన్" అంటే నమ్మకండి

ఇక్కడ అమెరికాలో ఏదో సంఘటన పేరో మనిషి పేరో పెట్టి, పూత పూసి, పతకం అతికించి కమెమొరేటివ్ గన్స్ పేరుతో అమ్మే స్మారక తుపాకులను పెట్టుబడి అనుకుని కొనకండి. ఈ మాట చాలామందికి విడివిడిగా చెప్పాను, ఇప్పుడు అందరికీ కలిపి రాస్తున్నాను. టెక్సాస్‌లో మన తెలుగువాళ్లు గ్రీన్ కార్డో సిటిజన్‌షిప్పో వచ్చాక షూటింగ్ రేంజ్‌కి వెళ్లడం, మెల్లగా పాత తుపాకుల మీద ఇష్టం పెంచుకోవడం చూస్తున్నాను. నాకు అది సంతోషమే. కానీ అలా కొత్తగా వచ్చినవాళ్లకు గన్ షోలో మొదట అంటగట్టేది బంగారు పూత పూసిన ఓ వించెస్టర్ కంపెనీ రైఫిల్. "పెట్టె విప్పలేదు, ఒక్క తూటా పేల్చలేదు, రేపు మీ పిల్లల కాలేజీ ఫీజుకు పనికొస్తుంది" అంటారు. ఆ చివరి మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ వ్యాపారం ఎలా మొదలైందో చూస్తేనే సగం విషయం తెలిసిపోతుంది. ఇలినాయ్‌లో జెనీసియో అనే చిన్న ఊరికి 125 ఏళ్లు నిండాయని 1961లో కోల్ట్ అనే తుపాకుల కంపెనీ ఓ డెరింజర్, అంటే జేబులో పట్టే చిన్న పిస్తోలు చేసింది. మొత్తం 104. ఒక ఊరి పండగ, వందకు కాస్త పైన తుపాకులు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. 1964లో వయోమింగ్ రాష్ట్రం వజ్రోత్సవం పేరుతో వించెస్టర్ తన 94 మోడల్ రైఫిల్‌ను దాదాపు 1,500 చేసింది. అవి అమ్ముడుపోయాయి. ఇక కంపెనీకి దారి దొరికింది. 1966లో తన నూరేళ్ల పండగకు "సెంటెనియల్ 66" పేరుతో చేసినవి లక్షకు పైనే. 1967లో కెనడా శతాబ్ది పేరుతో 90 వేలు. 1968లో వైల్డ్ వెస్ట్ ప్రదర్శనల బఫెలో బిల్ పేరుతో 1,12,000కు పైగా. ఆ తర్వాత థియోడర్ రూజ్‌వెల్ట్, రైలు మార్గం కలిసిన గోల్డెన్ స్పైక్, రాష్ట్రాలు, షెరీఫులు, కౌబాయ్‌లు. దాదాపు ప్రతి ఏడాదీ ఏదో ఒకటి వచ్చింది.

ఆనాడు కొన్న ప్రతివాళ్లూ అది విలువ పెరిగే వస్తువనే కొన్నారు. అందుకే ప్రతివాళ్లూ పెట్టెలోనే దాచారు. ఎవరూ వానలో తడపలేదు, లారీ వెనకాల పడేయలేదు, అడవిలో పోగొట్టుకోలేదు. లక్ష చేస్తే దాదాపు లక్షా అలాగే మిగిలాయి. ఒక వస్తువు అరుదయ్యేది జనం దాన్ని వాడి, అరగదీసి, పారేసి, తెలియక పాడుచేసి, చివరకు మంచివి కొన్నే మిగిలినప్పుడు. అరుదుగా ఉండాలని ఫ్యాక్టరీ గేటు దగ్గరే ముద్ర కొట్టి పంపితే అది అరుదు కాదు.

దీనికి రుజువు అదే 94 మోడల్‌లో ఉంది. 1894లో జాన్ బ్రౌనింగ్ డిజైన్‌తో వచ్చిన రైఫిల్ అది. .30-30 తూటాతో జింక వేట అనగానే ఇక్కడి పల్లె కుటుంబాలకు తరతరాలుగా గుర్తొచ్చేది అదే. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి వించెస్టర్ తయారీ పద్ధతి మార్చింది. ఉక్కును మిల్లింగ్ చేసి తీసే కొన్ని భాగాల బదులు రేకును ప్రెస్‌లో కొట్టి చేసినవి పెట్టింది. రిసీవర్ (యంత్రభాగాలు ఉండే మధ్య పెట్టె) లోహం కూడా మారింది, ఉక్కుకు నీలినలుపు రంగు తెచ్చే పాత పద్ధతి బ్లూయింగ్ దానికి సరిగా పట్టదు. అప్పుడే "ప్రీ-64", అంటే 1964కు ముందువి, అనే మాట పుట్టింది. ఈ రోజు కలెక్టర్లు వెతికేది ఆ ప్రీ-64 నే. ఏ అలంకారమూ లేని, రైతు జీపులో తిరిగిన, మంచి స్థితిలో మిగిలిన మామూలు రైఫిల్ అది. ఇక స్మారక ఎడిషన్లు వెల్లువలా వచ్చింది సరిగ్గా 1964 తర్వాతే. అంటే కంపెనీ పనితనం తగ్గిన సంవత్సరాల్లోనే బంగారు పూత పెరిగింది. ఈ ఒక్క సంగతి గన్ షోలో అమ్మేవాడు చచ్చినా చెప్పడు.

2021 ఆగస్టులో లాస్ ఏంజెలెస్‌లో బోన్‌హామ్స్ అనే సంస్థ వేలంలో ఒక కోల్ట్ రివాల్వర్ 60 లక్షల డాలర్లకు పైగా పలికింది. దాని మీద బంగారమూ లేదు, పతకమూ లేదు. 1881 జులైలో న్యూ మెక్సికోలోని ఫోర్ట్ సమ్నర్‌లో షెరీఫ్ పాట్ గారెట్ బందిపోటు బిల్లీ ది కిడ్‌ను కాల్చి చంపింది ఆ రివాల్వర్‌తోనే. 1847 నాటి కోల్ట్ వాకర్ సంగతీ అంతే. టెక్సాస్ రేంజర్స్ అనే సరిహద్దు దళంలో పనిచేసిన శామ్యూల్ వాకర్ సలహాతో మెక్సికో యుద్ధకాలంలో తయారైన ఆ బరువైన రివాల్వర్లు మొత్తం 1,100. యుద్ధంలో, వాడకంలో పోగా మిగిలినవి తక్కువ. 2018లో ఒకటి వేలంలో 18 లక్షల 40 వేల డాలర్లకు పోయింది. వీటికి చరిత్ర జరిగింది. స్మారక తుపాకీ మీద చరిత్రను అచ్చు వేశారు, అంతే. స్టీలు బిందె మీద మన పేరు కొట్టించుకుంటే మనకు ముద్దు, పాతసామాన్లవాడు మాత్రం తూకం వేసే కొంటాడు కదా.

డబ్బు లెక్క కూడా చూద్దాం. 1968లో బఫెలో బిల్ రైఫిల్ ధర 130 డాలర్ల లోపు. అప్పటి డాలరు ఇప్పటి దాదాపు తొమ్మిది డాలర్లతో సమానం. అంటే ఇవాళ దాదాపు 1,170 డాలర్లు వస్తేనే పెట్టిన డబ్బు పెట్టినట్టు నిలిచిందని అర్థం. పెట్టెతో, కాగితాలతో శుభ్రంగా ఉన్నది ఇప్పుడు వెయ్యికి అటూ ఇటూగా దొరుకుతోంది. అందులోంచి దుకాణం కమిషన్ తీసేయండి. అదే షేర్లలో పెట్టి ఉంటే? 1968లో అమెరికా షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ వెయ్యి కూడా దాటలేదు, 2024లో 40,000 దాటింది. 1981లో సినిమా నటుడు జాన్ వేన్ పేరుతో వచ్చిన వించెస్టర్ ఇంకా అన్యాయం. 50,000 చేశారు, ధర 600 డాలర్లు. ద్రవ్యోల్బణం లెక్కన ఇప్పుడు రెండు వేలు దాటాలి. ఆ ధరకు కొనేవాడిని పట్టుకోవడం కష్టం. పైగా దాన్ని .32-40 అనే పాత కాలిబర్‌లో (తూటా కొలతలో) చేశారు. సరదాగా పేల్చుకుందామన్నా తూటాలు ఏ షాపులో పడితే ఆ షాపులో దొరకవు.

నన్ను ఇంకా బాధపెట్టేది "అన్‌ఫైర్డ్", అంటే ఒక్కసారీ పేల్చి ఉండకూడదు, అనే షరతు. ఒక్కసారి పేలిస్తే విలువ పడిపోతుంది. పేల్చకపోయినా, తూటా ఎక్కించే లివర్ నాలుగుసార్లు కదిపితే రాపిడి గీతలు పడతాయి, చూసేవాళ్లు పట్టేస్తారు. బంగారు పూత మీద వేలిముద్రల చెమట మచ్చ కడుతుంది. అట్టపెట్టె పోతే ధర తగ్గింపు, ట్యాగ్ పోతే తగ్గింపు. హ్యూస్టన్ లాంటి తేమ ఊళ్లో ఫోమ్ ఉన్న కేసులో ఏళ్ల తరబడి మూసిపెడితే ఆ ఫోమే తేమ పట్టి తుప్పు తెస్తుంది. ఇంత అందమైన యంత్రాన్ని కొని, దాని లివర్ కూడా తిప్పకుండా, భయంభయంగా అల్మారాలో దాచుకోవడం ఏం కలెక్షన్? తుపాకీని ఇష్టపడేవాడికి దాని మెకానిజం చేతికి తెలియాలి.

ఈ కాలపు స్మారక తుపాకుల గురించి ఎక్కువ రాయను. పత్రికల్లో పూర్తి పేజీ ప్రకటనతో వచ్చేవి చాలావరకు మార్కెట్లో దొరికే తుపాకీనే తీసుకుని, పైన యంత్రంతో బొమ్మలు ఎచ్చింగ్ చేసి, పూత పూసి, "300 మాత్రమే" అంటూ అమ్మేవి. అది చేతి చెక్కుడు కాదు. మాస్టర్ ఎన్‌గ్రేవర్ ఉలితో చెక్కిన పని వేరు, దానికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. భూతద్దం పెట్టి గీత లోతు చూస్తే తేడా తెలుస్తుంది. కొనేముందు తప్పకుండా చూడండి.

మనవాళ్లకు ప్రత్యేకంగా కొన్ని మాటలు. ఎచ్1బీ లాంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. "ఇది షోపీసే కదా, గోడకు పెట్టుకునేదే కదా" అని ఎవరైనా చెబితే వినకండి. 1968లో చేసిన బంగారు వించెస్టర్ చట్టం దృష్టిలో నిన్న కొన్న రైఫిల్ లాంటిదే. 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవే ఫెడరల్ చట్టంలో ఆంటిక్. గ్రీన్ కార్డ్ దాకా వచ్చిన బతుకును ఒక అలంకార వస్తువు కోసం పణంగా పెట్టకండి, ముందు లాయర్‌ని అడగండి. ఇండియాకు తీసుకెళ్లి షోకేసులో పెట్టే ఆలోచన కూడా వద్దు. అక్కడ లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోకూడదు, 2019 సవరణ తర్వాత మామూలు లైసెన్సుదారుకు రెండింటికి మించి అనుమతి లేదు.

ఇంకోటి. వీకెండ్ పార్టీకి వెళ్లిన ఇళ్లలో ఫ్యామిలీ రూమ్ గోడకు స్మారక రైఫిల్ వేలాడదీసి ఉండడం చూశాను. కింద పిల్లలు ఆడుకుంటున్నారు. పతకం అతికించినంత మాత్రాన అది బొమ్మ అయిపోదు, తూటా పెడితే పేలుతుంది. దయచేసి సేఫ్‌లో పెట్టి తాళం వేయండి. ఈ విషయంలో నేను ఎవరితోనైనా గొడవపడతాను.

మరి అసలు కొనకూడదా? కొనొచ్చు. టెక్సాస్‌లో ఉండేవాళ్లకు 1973లో టెక్సాస్ రేంజర్ల 150 ఏళ్ల సందర్భంగా వచ్చిన వించెస్టర్ నాకు నచ్చే వస్తువు. సుమారు ఐదు వేలే చేశారు, ఈ నేలతో సంబంధం ఉంది. 1964 నాటి వయోమింగ్ రైఫిల్ కూడా సంఖ్యలో నిజంగా తక్కువ. మిగిలినవాటిలో నేనైతే ముందే వాడేసినవి వెతుకుతాను. పెట్టె పోయింది, ఎవరో పేల్చేశారు, పూత కాస్త అరిగింది అనగానే పెట్టుబడి పిచ్చి ఉన్నవాళ్లు పక్కకు తప్పుకుంటారు, ధర మామూలు 94 మోడల్ దగ్గరకు దిగుతుంది. ఆ ధరకు అష్టకోణ బ్యారెల్ ఉన్న సెంటెనియల్ 66 దొరికితే హాయిగా తీసుకోండి. రేంజ్‌కి తీసుకెళ్లండి, నూనె రాసి తుడవండి, పిల్లలు పెద్దయ్యాక పక్కన నిలబడి నేర్పించండి.

ఇప్పటికే పెట్టెతో కొని ఇంట్లో పెట్టుకున్నవాళ్లు కంగారుపడి అమ్మేయకండి. అట్టపెట్టె, కాగితాలు అన్నీ ఒక్కచోట చేర్చండి. ఫోమ్ కేసులోంచి తీసి సిలికోన్ పూసిన గన్ సాక్‌లో (తుపాకీ గుడ్డసంచిలో) పెట్టండి. ఆన్‌లైన్ వేలాల్లో అడుగుతున్న ధరలు వదిలేసి, అమ్ముడైన ధరలు మాత్రం చూడండి. ఆ అంకె మీకు సరిపోకపోతే, ఒకసారి రేంజ్‌కి తీసుకెళ్లి పేల్చి చూడండి.