పుకారుకు ఫైర్ ఇన్సూరెన్స్ అక్కర్లేదు

హీరోకు విగ్రహం పెడతారు. దర్శకుడి పేరు రోడ్డుకు పెడతారు. హాలీవుడ్‌లోనైతే మూకీల్లో వేషం కట్టిన రిన్ టిన్ టిన్ అనే కుక్క పేరు కూడా ఫుట్‌పాత్ మీద నక్షత్రంలో చెక్కి ఉంటుంది. స్టూడియో వెనక గదిలో కూర్చుని పొద్దస్తమానం అబద్ధాలు రాసిన పబ్లిసిటీ గుమాస్తాకు మాత్రం ఇంతవరకు దండ వేసిన నాథుడు లేడు. ఇది ఘోరమైన అన్యాయమని సవినయంగా మనవి చేస్తున్నాను. ఎందుకంటే ఆ కాలం నుంచి మనదాకా భద్రంగా వచ్చిన ఆస్తి ఆయన రాసిందే.

లెక్క చూడండి. మూకీల రోజుల్లో అమెరికా తీసిన ఫీచర్ సినిమాలు సుమారు 11,000. అందులో మొదట విడుదలైన రూపంలోనే నిలిచినవి 14 శాతమేనని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. నైట్రేట్ ఫిల్ము మరి. వేడెక్కితే దానంతటదే రాజుకుంటుంది, అంటుకుంటే నీళ్ళు పోసినా ఆరదు. కాలినవి కాలగా, డబ్బాల్లో పొడైపోయినవి పోగా, ఇంకొన్నిటిని అందులోని వెండి కోసం స్టూడియోల వాళ్ళే కరిగించుకున్నారు. పుకార్లు అలా కాదు. ఒక్కటంటే ఒక్కటి పోలేదు.

మూకీ నటి థీడా బారా సంగతే తీసుకోండి. 1915లో ఫాక్స్ స్టూడియో వాళ్ళ సినిమాతో ఒక్కసారిగా పేరొచ్చింది. మన సినిమాల్లో సిగరెట్టు పట్టుకుని హీరో వైపు ఓరగా చూసే ఆవిడను ‘వ్యాంప్’ అంటామే, ఆ మాట ఊరూరా పాకింది ఈవిడ పుణ్యమే. ఫాక్స్ పబ్లిసిటీ వారి స్థలపురాణం ప్రకారం ఈవిడ సహారా ఎడారిలో, స్ఫింక్స్ అనే ఈజిప్టు రాతి విగ్రహం నీడలో అవతరించింది. తల్లి ఫ్రెంచి నటి, తండ్రి ఇటలీ శిల్పి. ఇంగ్లిషులో ఆ పేరు అక్షరాలు అటూ ఇటూ చేస్తే ‘అరబ్ డెత్’ వస్తుందట. ఫొటో దిగితే పక్కన ఎముకల గూడు ఉండాల్సిందే.

అసలు పుట్టింది ఓహైయో రాష్ట్రం సిన్సినాటిలో, ఓ టైలర్ ఇంట్లో. పేరు థియోడోసియా గుడ్‌మన్. థియోడోసియాను కురచ చేస్తే థీడా. అమ్మ తరఫు ఇంటిపేరు బరాంజర్‌ను సగానికి కత్తిరిస్తే బారా. టైలర్ కూతురు కదా, కత్తెర కుదిరింది.

షికాగోలో ఈవిడను పత్రికల వాళ్ళకు చూపించిన తంతు గురించి ఓ కథ చెప్పుకుంటారు. కిటికీలన్నీ మూసేసి, గోడల నిండా తెరలు కట్టి, పూల వాసనతో ఊపిరాడకుండా చేసిన గదిలో, ఉక్కపోతకు ఒళ్ళంతా చెమట పడుతుంటే, నిలువునా బొచ్చు కోటు కప్పుకుని ఈవిడ కూర్చుంది. ఎడారి బిడ్డకు షికాగో చలి పడదని బిల్డప్. విలేకరులు మెట్లు దిగారో లేదో, తెరలు పీకి కిటికీ తెరిచి ఆవురావురుమంటూ గాలి పీల్చుకుందట. ఆ చివరి ముక్కను కూడా పబ్లిసిటీ వాళ్ళే రాసుంటారని నా అనుమానం. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అన్న సూత్రాన్ని ఇంత నిష్ఠగా పాటించిన వాళ్ళు మళ్ళీ పుట్టలేదు.

నాకు అన్నిటికంటే నచ్చింది 1917లో జరిగింది. గుడ్‌మన్ కుటుంబం మొత్తం చట్టప్రకారం ఇంటిపేరు బారాగా మార్చుకుంది. కూతురు ఆడిన అబద్ధానికి ఇంటిల్లిపాదీ దత్తత వెళ్ళారన్నమాట.

1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ వారి ఫిల్ము గోదాము తగలబడింది. బారా నటించిన నలభై చిల్లర సినిమాల్లో ఇవాళ మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ‘క్లియోపాత్రా’ నుంచి కొన్ని సెకన్ల ముక్కలు దొరికాయి. స్ఫింక్స్ నీడకు మాత్రం సెగ కూడా తగల్లేదు.

ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ అని మూకీల దర్శకుడు, ఇంకో మహానుభావుడు. వియన్నాలో టోపీల వ్యాపారి కొడుకు. అమెరికాలో ఓడ దిగేసరికి ఆస్ట్రియా జమీందారీ వంశీకుడై, పేరు మధ్యలో ఓ ‘వాన్’ తగిలించుకున్నాడు. ఖర్చు లేని పని.

1926 ఆగస్టులో మూకీ హీరో రుడాల్ఫ్ వాలెంటినో 31 ఏళ్ళకే పోయాడు. న్యూయార్క్‌లో జనం విరగబడ్డారు. నటి పోలా నెగ్రీ తనతోనే ఆయన పెళ్ళి ఖాయమైందని ప్రకటించి, కెమెరాల ముందు పదేపదే మూర్ఛపోయింది. ఎర్ర గులాబీల పరుపు మీద తెల్లపూలతో పేరు రాయించింది. పోయినాయన పేరు కాదు, ‘పోలా’ అని. చావింట్లో బ్యానర్ కట్టుకునే మన నాయకులు కొత్తగా కనిపెట్టిందేమీ లేదని ఒప్పుకోవాలి.

ఇంత సరదా శాఖలోనూ ఓ మురికి గది ఉంది. 1921లో శాన్‌ఫ్రాన్సిస్కో హోటల్లో ఓ పార్టీ తర్వాత వర్జీనియా రాప్ అనే నటి చనిపోయింది. కమెడియన్ రాస్కో ఆర్బకల్ మీద కేసు పెట్టారు. కోర్టుకంటే ముందే పత్రికలు తీర్పిచ్చేశాయి. మూడుసార్లు విచారణ జరిగి, మూడో జ్యూరీ ఆయన్ను నిర్దోషి అనడమే కాకుండా, మీకు చాలా అన్యాయం జరిగిందంటూ రాతపూర్వకంగా విచారం తెలిపింది. వారం తిరగకుండానే సినిమా నిర్మాతల సంఘం పెద్ద విల్ హేస్ ఆయన సినిమాలను నిషేధించాడు. కొన్ని నెలలకు ఎత్తేశాడు గానీ, అప్పటికే మనిషి అయిపోయాడు. తర్వాత వేరే పేరుతో సినిమాలు డైరెక్ట్ చేసుకుని బతికాడు. జ్యూరీ రాసిన కాగితం గురించి ఎంతమందికి తెలుసు? గుమాస్తా గారి చేతిరాత కాదు కదా.

నిజం అనే సరుక్కు ఉన్న మార్కెట్టే అంత. మూకీ కమెడియన్ బస్టర్ కీటన్‌కు ‘బస్టర్’ అని పేరు పెట్టింది ఇంద్రజాలికుడు హూడినీయేనన్న కథ అందరికీ వచ్చు. అదే కీటన్ 1924లో షూటింగులో నీళ్ళ ధాటికి రైలు పట్టా మీద పడి, మెడ ఎముక విరిగినా తెలియక పనిచేసుకుపోయి, ఏళ్ళ తర్వాత ఎక్స్‌రేలో కనుక్కున్నాడంటే, అబ్బే, నమ్మేలా లేదంటారు.

మనవాళ్ళు ఈ విద్యలో మొదట్నుంచీ వెనకే. రఘుపతి ప్రకాష్ 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. దాని రీలూ లేదు, చెప్పుకోవడానికి ఓ మంచి పుకారూ లేదు.

ఈ శాఖ మూలవిరాట్టు నటి ఫ్లోరెన్స్ లారెన్స్. జీతం పెంచమంటారన్న భయంతో నటుల పేర్లే బయట పెట్టని రోజులవి. 1909లో నిర్మాత కార్ల్ లామ్లీ ఆమెను తన కంపెనీలోకి లాక్కున్నాడు. 1910లో ఆమె ట్రామ్ కింద పడి చనిపోయిందని పుకారు వచ్చింది. ఇది మా శత్రువుల పచ్చి అబద్ధం, ఆమె బతికే ఉంది, మా కొత్త సినిమాలు చూడండి అంటూ లామ్లీ పత్రికలో ప్రకటన వేశాడు. పుకారు పుట్టించిందీ ఆయనే అంటారు. బతికున్న మనిషిని చూడ్డానికి సెయింట్ లూయిస్‌లో జనం ఎగబడ్డారు.

కారు మలుపు తిరుగుతుంటే వెనక వాళ్ళకు తెలిసేలా, మీట నొక్కితే చెయ్యిలా లేచే గుర్తును ఈవిడే తయారుచేసింది. పేటెంట్ తీసుకోలేదు. మనం వేసే ఇండికేటర్‌కు ముత్తవ్వ అన్నమాట. అందులో మసాలా లేదు కాబట్టి ఎవరూ రాయలేదు.

1938లో నిజంగానే చనిపోయింది. అప్పటికి చిల్లర వేషాలు వేసుకుంటోంది. సమాధి మీద 1991 దాకా పేరు లేదు. ఆ ఏడు ఓ నటుడు తన డబ్బుతో పలక పెట్టించి, ‘మొదటి సినిమా స్టార్’ అని చెక్కించాడు. ఆవిడ పుట్టింది 1886లో. రాతి మీద 1890 అని పడింది. నాలుగేళ్ళు తగ్గించారు.