ఐకిడోలో భంగిమ అలంకారం కాదు

బెంగళూరులోని తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక వీడియో, దానికింద ఒక పొడవాటి సందేశం తిరుగుతున్నాయి. వీడియోలో జపాను యుద్ధవిద్య ఐకిడో నేర్పే ఒక శిక్షకుడు చెయ్యి ఊపగానే ఎదుటి మనిషి గాలిలో పల్టీకొట్టి మ్యాటుమీద పడతాడు. సందేశం సారాంశం ఇది: ఐకిడోలో మనిషి పడేది పడేసేవాడి నేర్పువల్ల కాదు, పడేవాడి సహకారంవల్ల. వీపు నిలపడం, పాదాలు ఫలానా విధంగా పెట్టడం జపాను మర్యాదలో భాగమే తప్ప వాటితో విసురుకు పనిలేదు, నిజంగా విసరాలంటే కుస్తీ పైల్వాన్లకున్నట్టు భుజబలమే కావాలి. భంగిమ పేరుతో ఛాతీ విరుచుకుని బిగుసుకుపోయినవాడు అసలు పోరులో అందరికన్నా ముందు పడతాడు. గురువులు ‘కీ’ అనే కనిపించని శక్తిని కారణంగా చూపుతారు కనుక ఇందులో శాస్త్రమే లేదు. చివరిగా, రోజంతా కుర్చీలో కూర్చునే ఐటీ ఉద్యోగులు దీని జోలికి పోతే నడుములు పోగొట్టుకుంటారు.

ఇది చదివి ఐకిడోలో చేరడం మానుకున్నవారి గురించి నాకు పెద్ద బెంగ లేదు. వారు జూడోలోనో కుస్తీలోనో చేరితే మంచి విద్యే నేర్చుకుంటారు. నన్ను కలవరపెడుతున్నది, ఇప్పటికే సాధన చేస్తున్న కుర్రవాళ్లు కొందరు దీన్ని నమ్మి, భంగిమ గురించి చెప్పే మాటలను చాదస్తంగా తీసుకుని, చేతులతో లాగడం మొదలుపెట్టడం. దానితో వారి విసురు పాడవుతోంది, వారి చేతిలో పడేవారి మణికట్లకూ మెడలకూ ప్రమాదం పెరుగుతోంది. అందుకే ఒక్కొక్క వాదాన్నీ విడిగా తీసుకుని జవాబు రాస్తున్నాను.

సహకారం గురించి చెప్పిన మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాచవలసిన పనిలేదు. సాధనలో ఒకరు దాడి చేసి పడతారు, మరొకరు విసురుతారు, తర్వాత పాత్రలు మారతాయి. పడేవారిని ఉకె అంటారు, ఆయన తెలిసి ఒప్పుకున్న భాగస్వామి. కోతె గాయెషి అనే విసురులో మణికట్టు మెలితిరిగినప్పుడు కీలు దెబ్బతినకుండా ఉకె తానే దాని వెంట దొర్లిపోతాడు, చూసేవారికి అది కావాలని దూకినట్టు కనబడుతుంది. షిహో నాగె అనే మరో విసురులో మోచెయ్యి మడతపడి చెయ్యి భుజం వెనక్కు పోయేటప్పుడు మొండిగా నిలబడితే భుజం కీలైనా చెడుతుంది, తల వెనుకభాగమైనా నేలకు కొట్టుకుంటుంది. అందుకే దెబ్బ తగలకుండా పడే ఉకెమిని మొదటిరోజునుంచే నేర్పుతారు. ప్రదర్శనల్లో కొందరు తాకీతాకకముందే ఎగిరిపడే మాటా వాస్తవమే, ఆ అలవాటును నేను సమర్థించను.

అయితే సహకారం ఉన్నంతమాత్రాన పడటానికి వేరే కారణమే లేదని తేల్చడం తొందరపాటు. ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఒకరిని కుర్చీలో వీపు ఆనించి కూర్చోబెట్టి, పాదాలు కుర్చీకిందికి లాక్కోకుండా, చేతుల ఊతం తీసుకోకుండా లేవమని చెప్పి, వారి నుదుటిమీద ఒక్క వేలు ఆనించి ఉంచండి. ఎంత దృఢమైన మనిషికైనా లేవడం సాధ్యం కాదు. లేవాలంటే ముందుగా తల, మొండెం ముందుకు వచ్చి శరీరపు బరువు పాదాలమీదికి చేరాలి. వేలు అడ్డుకుంటున్నది ఆ కదలికనే. ఇక్కడ కూర్చున్నవారి సహకారం ఏమీ లేదు, ఆపేవారి కండబలమూ లేదు. విసురులో జరిగేది ఇదే సూత్రం, కాకపోతే కదులుతున్న మనిషిమీద, వేగంగా.

ప్రతిఘటన ఉన్నచోట ఐకిడో ఏమవుతుందన్న ప్రశ్నకు కెంజి తొమికి (1900–1979) చేసిన కృషిని చూడాలి. ఆయన జూడో స్థాపకుడు జిగొరో కానో దగ్గరా, ఐకిడో స్థాపకుడు మొరిహెయ్ ఉయెషిబా (1883–1969) దగ్గరా నేర్చుకున్నవాడు. వాసెదా విశ్వవిద్యాలయంలో ఆయన రూపొందించిన పోటీ పద్ధతిలో ఒకరు మెత్తని నకిలీ కత్తితో నిజంగానే పొడవబోతారు, పట్టుబడకుండా నిజంగానే పెనుగులాడతారు. అక్కడ విసుర్లు ప్రదర్శనల్లో ఉన్నంత సొగసుగా ఉండవు, చాలా ప్రయత్నాలు మధ్యలోనే ఆగిపోతాయి. ఫలించినవాటిని గమనిస్తే మాత్రం, ఎదుటివారి నిలకడ ముందుగా చెదిరింది, విసిరినవారి నిలకడ చెదరలేదు. జూడోలో కానో విసురును కుజుషి (నిలకడ చెదరగొట్టడం), త్సుకురి (విసురుకు తగిన స్థానంలోకి చేరడం), కాకె (విసరడం) అని మూడు దశలుగా విడదీసి, కుజుషిని మొదట పెట్టింది కూడా అందుకే.

ఇక అసలు వివాదానికి వస్తాను. భంగిమకు విసురుతో పనిలేదన్న మాట భౌతికశాస్త్రం ప్రకారం నిలవదు. నిలబడిన మనిషి గురుత్వ కేంద్రం సుమారుగా బొడ్డుకు కాస్త దిగువన, వెన్ను అడుగున ఉండే త్రికాస్థి ఎముకకు ముందు, నేలనుంచి చూస్తే ఎత్తులో 55 శాతం దగ్గర ఉంటుంది. అక్కడినుంచి నేలకు నిట్టనిలువుగా గీసిన రేఖ, రెండు పాదాలూ వాటి మధ్య నేలా కలిసిన ఆధార స్థలంలో పడుతున్నంతసేపు మనిషి నిలుస్తాడు. బయటికి పోతే అడుగైనా వేయాలి, పడైనా పోవాలి. పాదాలు పక్కపక్కన పెట్టి నిలబడినప్పుడు ఆ రేఖ చీలమండకు కొద్ది సెంటీమీటర్ల ముందు పడుతుంది కాబట్టి, దాన్ని ఓ జానెడైనా జరపకుండానే మనిషిని కాలివేళ్లమీదికి గాని మడమలమీదికి గాని తేవచ్చు. వెనక్కు అయితే ఆ దూరం ఇంకా తక్కువ, పైగా వెనుక ఏముందో కనబడదు, అడుగు వేయడమూ కష్టం. అందుకే ఐకిడో విసుర్లలో ఎక్కువభాగం ఉకెను వెనుక మూలకో, పాదాలను కలిపే గీతకు అడ్డంగానో నడిపిస్తాయి. ఒక కాలు ముందుకు పెట్టి నిలబడినవాణ్ణి ఆ కాళ్ల వరుసలో నెట్టడం దండగ. అడ్డంగా కదిలిస్తే ఆనుకోవడానికి అక్కడ మూడో కాలు లేదు. ఏ దిక్కుకు విసరాలో నిర్ణయించేది విసిరేవాడి ఇష్టం కాదు, పడేవాడి పాదాలు.

విసిరేవాడి భంగిమ ఎందుకంటే, మనం ఎదుటివాణ్ణి ఎంత బలంతో తోస్తే అంత బలమూ మనమీదికి తిరిగి వస్తుంది. 60 కిలోల మనిషి, అంటే సుమారు 590 న్యూటన్ల బరువు, భుజం ఎత్తున 1.4 మీటర్ల దగ్గర చేతులు చాచి తోస్తున్నాడనుకుందాం. పాదాలు పక్కపక్కన ఉండి, అతని గురుత్వ రేఖ మడమకు 20 సెంటీమీటర్ల ముందు పడుతూంటే, అతను తోయగలిగింది దాదాపు 84 న్యూటన్లు, అంటే ఎనిమిదిన్నర కిలోల బరువుకు సమానం. అంతకు మించితే తానే వెనక్కు తూలతాడు. అదే మనిషి హన్మి అనే ఐకిడో నిలకడలో, ఒక కాలు వెనక్కు పెట్టి, రేఖ వెనుక మడమకు 50 సెంటీమీటర్ల ముందు ఉండేలా నిలబడితే అదే చెయ్యి 210 న్యూటన్లు తోయగలదు. చేతిని నడుము ఎత్తుకు, అంటే 1 మీటరుకు దించితే అది 295 న్యూటన్లు అవుతుంది. భుజాల కండలు అంగుళమైనా పెరగలేదు, పాదాలూ మోచెయ్యీ స్థానం మారాయి, అంతే. ‘మోచేతులు దించు, చేతులు పొట్టముందు ఉంచు’ అని శిక్షకులు విసుగు లేకుండా చెప్పేది ఈ లెక్కనే.

ముందుకు వాలితే ఇంకా ఎక్కువ తోయవచ్చు కదా అని అడగవచ్చు. తోయవచ్చు, అయితే వాలినవాడు గోడకు ఆనించిన నిచ్చెన అవుతాడు. ఉకె ఒక్క అడుగు పక్కకు తప్పుకుంటే ఇద్దరిలో పడేది తోసినవాడే. తెన్కాన్ అనే తిరుగుడు కదలిక పుట్టిందే ఇలా వాలి వచ్చేవారికోసం. కనుక ఎదుటివాడు ఉన్నా లేకున్నా సొంత కాళ్లమీద నిలిచి ఉండే భంగిమలోనే విసరడం మన రక్షణకు కూడా అవసరం.

ఇరిమి నాగె అనే విసురులో ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఉకె వెనుక పక్కకు ప్రవేశించి, అతని తలను మన భుజానికి ఆనించుకుని, మన అడుగుతోపాటు చేతిని ముందుకు, కిందికి పోనివ్వాలి. మనిషి తల బరువు నాలుగైదు కిలోలు, అదీ శరీరం కొసన ఉంటుంది కాబట్టి, తల వెనక్కు పోయి, దాని వెంట మొండెమూ వెనక్కు వాలితే గురుత్వ రేఖ మడమలు దాటుతుంది. కొత్తవారు చేసే పొరపాటు, మెడ పట్టుకుని తాము నడుము వంచి కిందికి లాగడం. అప్పుడు రెండు నష్టాలు జరుగుతాయి. లాగేవాడి బరువు అతని పాదాలు దాటి ముందుకు వచ్చేస్తుంది, ఆ బరువును ఉకె వీపే మోస్తుంది. ఉకె కాళ్లు కూడదీసుకుని లేచాడంటే లాగినవాడు తానే తూలిపోతాడు. పైగా మెడమీద అనవసరమైన ఒత్తిడి పడుతుంది. వెన్ను నిలిపి తుంటితో ముందుకు నడిచినవాడికి చెయ్యి తేలికగా ఉంటుంది, ఉకె మెడకూ హాని ఉండదు. షిహో నాగెలోనూ అంతే: చేతులు మన నుదుటి ముందే ఉండి తుంటి తిరిగితే ఉకె నిలకడ చెదురుతుంది, తుంటి తిరగకుండా చేతులు మాత్రమే తల వెనక్కు పోతే మన వీపే వెనక్కు వంగిపోతుంది.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. కబ్బన్ పార్కులో ఆదివారం పొద్దున నడిచేవారిని చూడండి. మామూలు నడకలో అయిదింట నాలుగు వంతుల సమయం మనిషి ఒక్క కాలిమీదే ఉంటాడు. దాడి చేసేవాడూ నడుస్తున్న మనిషే. అతని ముందు పాదం బరువు అందుకోబోయే క్షణంలో కదలికను కొద్దిగా పొడిగించినా, పక్కకు తిప్పినా, దించదలచినచోట పాదం దిగదు. ఆ క్షణాన్ని పట్టుకోవాలంటే మనం ఏ దిక్కుకైనా తక్షణం కదలగల స్థితిలో ఉండాలి. వంగి, ఒక కాలిమీద బరువంతా వేసి, చేతులు బిగబట్టినవాడికి ఆ కదలిక ఆలస్యమవుతుంది.

భుజబలం అక్కరలేదని నేను అనడం లేదు. బలవంతుడు మంచి భంగిమ నేర్చుకుంటే ఇంకా బాగా విసురుతాడు. అయితే బలం ఎక్కడినుంచి రావాలన్నదే ప్రశ్న. శరీరంలో అన్నిటికన్నా పెద్ద కండరం పిరుదులో ఉంది. దానితో పోలిస్తే భుజంమీది కండరం చిన్నది, త్వరగా అలసేది. బెంగళూరు పేటలోని పాత గరడి మనెల్లో, అంటే కుస్తీ వ్యాయామశాలల్లో, మట్టిమీద కుస్తీ పట్టే పైల్వాన్లు కూడా మోకాళ్లు మడిచి, తుంటి దించి, కాళ్లతోనే ఎత్తుతారు. సందేశం వారిని భుజబలానికి ఉదాహరణగా చూపడం వారి విద్యకూ అన్యాయం. యొషిన్కాన్ అనే ఐకిడో శాఖను స్థాపించిన గొజో షియోదా (1915–1994) అయిదడుగులకు కాస్త మించిన మనిషి. ఆయన పద్ధతిలో అడుగు, తిరుగుడు, తుంటి కదలికలను ఆరు మూల కదలికలుగా విడదీసి, ఎవరినీ విసరకుండా వాటినే పదేపదే సాధన చేయిస్తారు. టోక్యో మహానగర పోలీసుల అల్లర్ల అదుపు దళం సిబ్బంది ఆ శిక్షణ తీసుకుంటారు. మర్యాదకోసం అయితే వారికి అంత శ్రమ అక్కరలేదు.

బిగుసుకుపోవడం గురించిన మూడో వాదం నిజానికి ఐకిడోపై విమర్శ కాదు, చెడు భంగిమపై విమర్శ. ఛాతీ విరిస్తే పక్కటెముకలు పైకి లేస్తాయి, నడుము లోపలికి గుంటపడుతుంది, బరువు మడమలమీదికి పోతుంది. అలాంటివాణ్ణి వెనక్కు పడేయడం తేలిక. ఐకిడో కోరే నిటారుతనంలో మోకాళ్లు వదులుగా ఉంటాయి, తల మొండెంమీద నిలుస్తుంది, భుజాలు దిగుతాయి, ఊపిరి పొట్టలోకి పోతుంది. కదలకుండా నిలబడిన మనిషి కూడా నిజానికి నిరంతరం కొద్దికొద్దిగా ఊగుతూనే, చీలమండల దగ్గర సర్దుకుంటూనే ఉంటాడు. కండరాలు బిగిస్తే ఆ సర్దుబాటు మొరటుబారుతుంది. అంతకన్నా ముఖ్యంగా, బిగించిన చేతిని పట్టుకున్నవాడికి మన ఉద్దేశం ముందే తెలిసిపోతుంది.

‘కీ’ విషయంలో సందేశం రాసినవారి అసహనం నాకు అర్థమవుతుంది. వివరించవలసినచోట ఆ మాట అడ్డంపెట్టి తప్పించుకునే శిక్షకులు ఉన్నారు. అంతమాత్రాన వివరణే లేదని కాదు. ఐకిడో గురువు కొయిచి తొహెయ్ (1920–2011) ప్రసిద్ధం చేసిన వంచలేని చెయ్యి పరీక్షనే తీసుకోండి. చెయ్యి చాచి ఉంచినవాడు పట్టుదలతో బిగిస్తే మోచేతిని చాపే కండరంతోపాటు మడిచే కండరమూ పనిచేస్తుంది, అంటే వంచాలని చూస్తున్నవాడికి అతనే సాయం చేస్తున్నాడు. వేలికొసలనుంచి నీళ్లు ముందుకు పారుతున్నట్టు ఊహించుకోమంటే మడిచే కండరం సడలుతుంది, చెయ్యి వంగదు. ఊహ ఉపయోగపడింది, పనిచేసింది కండరాలు. బొడ్డు దిగువన మనసు నిలపమని చెప్పే మాట కూడా గురుత్వ కేంద్రం దగ్గరినుంచే కదలమని శరీరానికి చెప్పడమే.

నడుము సంగతి. ఔటర్ రింగు రోడ్డు ఆఫీసుల్లో తల ముందుకు చాచి గంటల తరబడి కూర్చునేవారికి వెన్ను బిగుసుకుపోవడం నిజం. ఐకిడోలో నడుము దెబ్బతినే సందర్భాలూ ఉన్నాయి. కోషి నాగె అనే విసురులో ఉకెను తుంటిమీదికి తీసుకునేటప్పుడు మోకాళ్లు మడవకుండా నడుము వంచి ఎత్తినవారికి అది తప్పదు. మన తుంటి ఉకె బెల్టుకన్నా కిందికి దిగి, లేచేటప్పుడు కాళ్లు మాత్రమే చాపితే, వెన్ను మెలితిరగకపోతే, ఆ బరువు వెన్నుమీద కాక కాళ్లమీద పడుతుంది. ఇదివరకే డిస్కు సమస్య ఉన్నవారు వైద్యుణ్ణి సంప్రదించి, కోషి నాగెనూ ఎత్తునుంచి పడటాన్నీ పక్కనపెట్టి, తాయి నో హెంకో వంటి అడుగు కదలికలతోనూ నెమ్మదైన ఉకెమితోనూ మొదలుపెట్టాలి. మోకాళ్లలో నొప్పి ఉన్నవారు మోకాళ్లమీద చేసే సువరి వజాను మానుకుని, అవే విసుర్లను నిలబడి చేయవచ్చు. అలా చేయనివ్వమని మొదటి రోజే శిక్షకుణ్ణి అడగడంలో తప్పులేదు.