విలియం సలీబా గారి నడుముకు బహిరంగ లేఖ

లండన్ ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టు డిఫెండర్, మహారాజశ్రీ విలియం సలీబా గారి నడుము గారి సముఖమునకు,

హైదరాబాదు, విజయవాడ, డల్లాస్‌లలో నివసిస్తున్న ఆర్సెనల్ అభిమానులు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరు కూడా క్షేమమని తలుస్తున్నాం. తమరు క్షేమంగా ఉంటే మా వాదనలకు కొంచెం ఇబ్బందే. అయినా మర్యాద కోసం తలుస్తున్నాం.

ఈ లేఖ తమరిని తిట్టడానికి కాదు, సన్మానించడానికి. 2022-23లో ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ టైటిల్ మాకు ఎందుకు చేజారిందన్న చర్చ మాలో ఇంకా తెగలేదు. పండక్కి నలుగురం కలిస్తే భోజనాలు కాకముందే మొదలవుతుంది. లండన్‌లో పోయిన కప్పు కోసం అమీర్‌పేటలో కొట్టుకోవడం ఏమిటని మా అత్తయ్య అడుగుతూనే ఉంటుంది. బావ చివరికి "సలీబా నడుము బాగుంటేనా..." అంటాడు. అందరం తలలూపుతాం. పప్పు వడ్డిస్తారు. ఇన్నేళ్లుగా ఇన్ని ఇళ్లలో భోజనాలు ప్రశాంతంగా సాగుతున్నాయంటే అది తమరి చలవే.

ఆ సీజన్ తమరికి గుర్తుండే ఉంటుంది, చాలావరకు మోసింది తమరే కాబట్టి. 2019లో కొనుక్కుని, ఒకసారి కాదు మూడుసార్లు ఫ్రాన్స్‌కు అద్దెకు పంపి, చివరికి 2022 ఆగస్టులో తమ యజమానిని క్రిస్టల్ ప్యాలెస్ మీద దించారు. ఆ రోజు నుంచి మాకు నిద్రల్లేవు. ప్రపంచ కప్ విరామానికి 5 పాయింట్ల ఆధిక్యం. సగం సీజన్ అయ్యేసరికి 19 మ్యాచుల్లో 50 పాయింట్లు. మాంచెస్టర్ యునైటెడ్ మీద 90వ నిమిషంలో ఎన్కెటియా, బోర్న్‌మత్ మీద 97వ నిమిషంలో రీస్ నెల్సన్ గోల్ కొట్టి గెలిపించారు. నెల్సన్ గోల్‌కి బావ వేసిన కేకకు కింద ఫ్లాట్‌వాళ్లు పైకి వచ్చి ఎవరికి ఏమైందని అడిగారు. 2004 తర్వాత మొదటిసారి టైటిల్ వచ్చేస్తోందని మావాళ్లు వాళ్లకు కూడా స్వీట్లు పెట్టారు. మార్చి మొదటి వారంలో.

తర్వాత మార్చి 16 వచ్చింది. యూరప్ క్లబ్బుల పోటీ యూరోపా లీగ్‌లో స్పోర్టింగ్ లిస్బన్‌తో మ్యాచ్, మనకు అర్ధరాత్రి దాటాక ఒకటిన్నరకు మొదలు. మొదటి సగంలోనే తొమియాసు గాయంతో వెళ్లిపోయాడు. కాసేపటికి తమరు పట్టేశారు, సీజన్ అయ్యేదాకా వదల్లేదు. ఆ రాత్రి పెనాల్టీల్లో ఓడి యూరోపా నుంచి బయటికొచ్చేశాం. పోనీలే, ఇక లీగ్ మీద పూర్తిగా దృష్టి పెట్టొచ్చు అనుకున్నాం. పెట్టారు. లీగ్ కూడా పోయింది.

తమరి విలువను లెక్కల్లో చెప్పమంటే మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. తమరు ఆడిన 27 లీగ్ మ్యాచుల్లో 66 పాయింట్లు, మాకు పడ్డ గోల్స్ 25. తమరు లేని 11 మ్యాచుల్లో 18 పాయింట్లు, పడ్డ గోల్స్ కూడా 18. ఈ అంకెలు చూపించాక ఎవడైనా ఎదురు మాట్లాడగలడా?

మాట్లాడేవాడు ఒకడున్నాడు, డల్లాస్‌లో మా తమ్ముడు. వాడికి మ్యాచ్‌లు పొద్దున్నో మధ్యాహ్నమో పడతాయి కాబట్టి నిద్రమత్తు ఉండదు, అందుకే ఇబ్బంది పెట్టే ప్రశ్నలు వేస్తాడు. తమరు లేని మొదటి రెండు లీగ్ మ్యాచుల స్కోర్లేమిటి అన్నాడు. ప్యాలెస్ మీద 4-1, లీడ్స్ మీద 4-1. రెండూ మేమే గెలిచాం. ఫిబ్రవరి 15న మాంచెస్టర్ సిటీ మా గడ్డ మీదకొచ్చి 3-1తో కొట్టిన రోజున తమరు ఎక్కడున్నారు అన్నాడు. మైదానంలోనే ఉన్నారు, నిటారుగా. దానికి పదకొండు రోజుల ముందు ఎవర్టన్ చేతిలో 1-0తో ఓడినప్పుడూ ఉన్నారు. ఈ సంగతులు మేం భోజనాల దగ్గర ఎత్తం.

ఇక ఏప్రిల్. ఇక్కడ కొంచెం ఆగాలి, తమరి సేవలు మాకు బాగా అక్కరకొచ్చింది ఇక్కడే.

9వ తేదీ, లివర్‌పూల్ వాళ్ల మైదానం ఆన్‌ఫీల్డ్. 28 నిమిషాలకే మేం 2-0. స్టేడియం నిద్రపోయింది. నిద్రపోయేవాళ్లను లేపకూడదని మన పెద్దలకు తెలుసు గానీ మా జాకాకు తెలియదు. వాళ్ల అలెగ్జాండర్-ఆర్నాల్డ్‌తో తోపులాటకు దిగాడు. జనం లేచారు, సలా గోల్ కొట్టాడు. తర్వాత సలా పెనాల్టీ బయటికి తన్నితే దేవుడున్నాడనుకున్నాం. 87వ నిమిషంలో ఫిర్మినో వచ్చి లేడని చెప్పి వెళ్లాడు. 2-2.

16న వెస్ట్ హామ్. ఈసారి 10 నిమిషాలకే 2-0. వాళ్లు ఒకటి తిరిగిచ్చారు. రెండో సగంలో మాకు పెనాల్టీ వచ్చింది, సాకా గోల్‌పోస్టు పక్కనుంచి బయటికి తన్నాడు. రెండు నిమిషాలు తిరగకుండా బోవెన్ సమం చేశాడు. మళ్లీ 2-2. పెనాల్టీ తన్నింది సాకా ఎడమ కాలు. అందులో తమరి ప్రమేయం ఏమీ లేదని మాకు తెలుసు. అయినా తమరి ఖాతాలోనే రాసుకున్నాం.

21న సౌతాంప్టన్. పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు, మా సొంత మైదానం. రాత్రి పన్నెండున్నరకు మ్యాచ్. బావ నీళ్లు తాగడానికి లేచి వచ్చేసరికి 0-1. ఇరవై ఎనిమిది సెకన్లు! మా గోల్‌కీపర్ రామ్స్‌డేల్ ఇచ్చిన పాస్ నేరుగా వాళ్ల అల్కరాజ్ కాళ్ల దగ్గరికి వెళ్లింది. రెండో గోల్ కొట్టింది ఒకప్పటి మావాడే, వాల్కాట్. 88వ నిమిషం దాకా 1-3. చివర్లో ఎలాగో 3-3 చేశారు. గోల్‌కీపర్ తప్పుడు పాస్ ఇస్తే సలీబా ఏం చేస్తాడని నేను అడిగితే, "సలీబా ఉంటే ఆ పాస్ సలీబాకే ఇచ్చేవాడు" అన్నాడు బావ. దీనికి ప్రపంచంలో ఎవరి దగ్గరా జవాబు లేదు. తమరి పేరు చెప్పుకుంటే ఉన్న సుఖమే అది.

గెలిస్తే మూడేసి రావాల్సిన చోట ఒక్కొక్కటే వచ్చింది కాబట్టి ఈ మూడు డ్రాల్లో పోయినవి సరిగ్గా 6 పాయింట్లు. సీజన్ చివర్లో సిటీకి 89, మాకు 84. ఆరు కలిపి చూడండి, 90. ఈ కూడిక ఇంత చక్కగా కుదరకపోయి ఉంటే మేం ఎప్పుడో మర్చిపోయి పనులు చూసుకునేవాళ్లం.

తమరి స్థానంలో ఆడిన రాబ్ హోల్డింగ్ సంగతి కూడా చెప్పాలి. ఏప్రిల్ 26న సిటీ మైదానంలో 4-1తో చితికిపోయాం. హాలాండ్, డి బ్రుయ్న కలిసి మా డిఫెన్స్‌ను తలుపుల్లేని ఇల్లు చేసేశారు. ఆ ఒక్క గోల్ మాకు కొట్టింది ఎవరు? హోల్డింగే. ఆ మాటకు బావ "కొడితే కొట్టాడు, ఆపమన్నదెవరిని?" అంటాడు. ఇది మాత్రం న్యాయమైన ప్రశ్నే. జనవరిలో కివియోర్ అనే డిఫెండర్‌ను కొని తెచ్చి ఈ మ్యాచ్ అయ్యేదాకా లీగ్‌లో ఒక్కసారీ మొదటి పదకొండు మందిలో దించకుండా బెంచి మీద కూర్చోబెట్టిందెవరన్నది అంతకంటే న్యాయమైన ప్రశ్న. అది అడిగితే చర్చ అప్పటి మా కోచ్ ఆర్టెటా మీదికి పోతుంది. ఆర్టెటా అంటే మాకు అభిమానం. అందుకని మళ్లీ తమరి దగ్గరికే వచ్చేస్తాం.

మా ముఠాలో వేరే మతాలవాళ్లూ ఉన్నారు. ఖతర్ ప్రపంచ కప్‌లో మా ఫార్వర్డ్ జెసూస్ మోకాలు పోవడమే అసలు కారణం అంటాడొకడు. బ్రెంట్‌ఫర్డ్ గోల్‌కు ఆఫ్‌సైడ్ చూడటం మర్చిపోయిన వీఏఆర్ (వీడియో రిఫరీ) అంటాడొకడు. ఈ రెండోవాడిది నిజమైన కడుపుమంటే, తప్పు జరిగిందని రిఫరీల సంస్థే ఒప్పుకుంది. కానీ అప్పుడు పోయింది రెండు పాయింట్లు, ఫిబ్రవరిలో.

నన్నడిగితే, ఎవరూ అడగలేదు గానీ, ఇందులో పెద్ద రహస్యం లేదు. ఫిబ్రవరి చివరి నుంచి సిటీ లీగ్‌లో వరసగా 12 మ్యాచ్‌లు గెలిచింది. ఒక్కటి తప్పలేదు. హాలాండ్ 36 గోల్స్ కొట్టాడు. అలాంటి జట్టు వెంటపడుతుంటే పదమూడు పద్నాలుగు మందిని నమ్ముకున్న కుర్రజట్టు ఒక చోట కాకపోతే ఇంకో చోట తడబడుతుంది. 84 పాయింట్లంటే 2003-04లో ఓటమెరుగని ఆ జట్టు తర్వాత అప్పటికి మాకు అన్నిటికంటే మంచి లెక్క. 248 రోజులు పట్టిక పైన కూర్చున్నాం. ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో టైటిల్ గెలవకుండా అన్ని రోజులు పైన కూర్చున్న జట్టు ఇంకోటి లేదు. రికార్డు రికార్డే.

కానీ "ఎదుటివాళ్లు మనకంటే బాగా ఆడారు" అన్న మాట మీద ఎన్ని పండగలు గడపగలం? ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఆడలేక మద్దెల ఓడన్నారు మన పెద్దలు. మా అదృష్టం, ఇక్కడ మద్దెల నిజంగానే కొంచెం ఓడింది.

మా పెదనాన్న ముషీరాబాద్ మనిషి, పాత ఫుట్‌బాల్ పిచ్చి. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిన సంగతి ఈ సందర్భంలో తప్పకుండా గుర్తుచేస్తారు. రహీం సాబ్ కోచింగ్ రోజులవి. ఆ జట్టులో ఎవరికైనా నడుం నొప్పి ఉండేదా అని బావ అడిగితే "ఉండే ఉంటది, కప్పు చేతిల ఉన్నోడిని నడుం గురించి ఎవడడుగుతడు" అన్నారు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. 2023-24లో తమరు మాకు చేసింది న్యాయమా? ఆ సీజన్ 38 మ్యాచుల్లో ఒక్క నిమిషం కూడా తప్పకుండా తమ యజమానిని నిలబెట్టారు. లీగ్‌లో అందరికంటే తక్కువగా 29 గోల్సే పడ్డాయి. 89 పాయింట్లు వచ్చాయి. సిటీకి 91. ఫుల్‌హామ్ మైదానంలో 2-1తో ఓడిన రోజు, ఏప్రిల్‌లో మా సొంత గడ్డ మీద ఆస్టన్ విల్లా చేతిలో 2-0తో ఓడిన రోజు తమరు ఎంచక్కా వంగుతూ లేస్తూ ఉన్నారు. ఆ సంక్రాంతికి, తర్వాతి దసరాకి మా ఇంట్లో ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు. అత్తయ్యే కంగారుపడి "ఆ అబ్బాయి నడుం నొప్పి మళ్లీ రాలేదా?" అని అడిగింది. ఒక్కరోజు పట్టేసి ఉంటే తమరి సొమ్మేం పోయేది?

2024-25లో 14 డ్రాలు, మళ్లీ రెండో స్థానం. మధ్యలో బోర్న్‌మత్ దగ్గర తమ యజమానికి రెడ్ కార్డు పడింది. ఆ మ్యాచ్ కూడా పోయింది. అందులో నడుము పాత్ర ఎంతవరకని బావ చాలాసేపు వెతికాడు, దొరకలేదు.

కాబట్టి మా తీర్మానం ఇది. 2022-23 సీజన్‌కు సంబంధించినంత వరకు తమరిని శాశ్వత ముద్దాయిగా, గౌరవాధ్యక్షులుగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం. డల్లాస్ తమ్ముడు అసమ్మతి తెలిపాడు, లెక్కలోకి తీసుకోలేదు. ఆపై సీజన్లకు తమరి మీద మాకు ఎలాంటి హక్కూ లేదని ఒప్పుకుంటున్నాం. శాలువా సిద్ధంగా ఉంది. కొలతలు పంపితే కుట్టిస్తాం.

ఇట్లు,
తమ విధేయులు,
రెండో స్థానం అభిమాన సంఘం

తా.క.: 2024 డిసెంబరులో సాకా గారి తొడ కండరం, తర్వాతి ఫిబ్రవరిలో హావర్ట్స్ గారిది, ఏప్రిల్‌లో గాబ్రియేల్ గారిది పట్టేశాయి. ఆ ముగ్గురిలో ముద్దాయి ఎవరన్న దాని మీద మాలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. కుదరగానే వారికి విడిగా రాస్తాం.