ఉమ్మడి ఖాతాలో కోత ఇద్దరికీ, కబురు ఒక్కరికే

మా అమ్మానాన్నల ఉమ్మడి పొదుపు ఖాతా పాస్‌బుక్‌లో ఒకే నెలలో 590 రూపాయల కోత రెండుసార్లు కనిపించింది. ఫ్రిజ్ కొన్నప్పటి రుణ వాయిదా 2,340 రూపాయలు ప్రతి నెలా 5వ తేదీన ఆ ఖాతా నుంచి వెళ్తుంది. ఆ నెల 3న అమ్మ గ్యాసు బండకూ పాల బాకీకీ ఏటీఎంలో డబ్బు తీస్తే 2,310 మిగిలింది. 30 రూపాయలు తక్కువైనందుకు వాయిదా వెనక్కి పోయింది. 500 రూపాయల చార్జీ, దానిపై 18 శాతం జీఎస్టీ 90 కలిపి బ్యాంకు 590 కోసుకుంది. ఈ సంగతేమీ తెలియని అమ్మ మర్నాడు 500 జమ చేసింది. కోత పడకపోయి ఉంటే ఖాతాలో 2,810 ఉండేవి, రుణ సంస్థ 9న రెండోసారి పంపిన వాయిదా చెల్లిపోయేది. కోత పోను ఉన్నవి 2,220 కావడంతో అదీ తిరిగిపోయింది, ఇంకో 590 పోయింది. బ్యాంకు పంపిన సందేశాలన్నీ నాన్న ఎప్పుడో వాడటం మానేసిన నంబరుకు వెళ్లాయి. ఖాతాను రోజూ నడిపే అమ్మకు ఒక్కటీ రాలేదు.

బ్రాంచిలో అడిగితే, నంబరు మార్చుకోవలసిన బాధ్యత మీదే కదా అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, మొదటి 590 గురించి మేము వాదించలేదు. అయితే రెండో వాయిదా తిరిగిపోవడానికి మొదటి చార్జీయే కారణమని తేదీలవారీ లెక్క వేసి, స్టేట్‌మెంట్ జతచేసి, ఇద్దరి సంతకాలతో అర్జీ ఇచ్చాం. పది రోజుల తర్వాత రెండో మొత్తం వెనక్కి వచ్చింది. నోటితో అడిగినప్పుడు ‘సిస్టమ్ కోసేసింది, మా చేతుల్లో లేదు’ అన్న బ్రాంచియే, కాగితం మీద లెక్క చూపించాక దానిని సరిచేయగలిగింది. ఇలాంటి కోతల మీద రాతపూర్వకంగా అడిగేవాళ్లు తక్కువ కాబట్టే అవి అలా నడిచిపోతున్నాయని నా అభిప్రాయం.

మన పొదుపు ఖాతాలకు సాధారణంగా ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకునే వీలు, ఉండదు. అందుకే ఇక్కడ భారం రెండు వేరే పేర్లతో వస్తుంది: వాయిదా తిరిగిపోయినప్పటి చార్జీ ఒకటి, కనీస నిల్వ లేనందుకు వేసే జరిమానా మరొకటి. ఈ రెండింటినీ కలిపి వాదిస్తే అర్జీ నిలవదు. మొదటిది బ్యాంకు తన చార్జీల పట్టికలో ముందే ప్రకటించిన రుసుము. రెండోదానికి మాత్రం రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరులో స్పష్టమైన నిబంధనలు పెట్టింది, అవి 2015 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. నిల్వ తగ్గిన సంగతిని బ్యాంకు ఎస్సెమ్మెస్, ఈమెయిల్ లేదా ఉత్తరం ద్వారా ఖాతాదారుకు తెలపాలి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలి, జరిమానా ఎంత లోటు ఉందో దానికి తగ్గ నిష్పత్తిలోనే ఉండాలి, కేవలం ఈ జరిమానా వల్ల పొదుపు ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు. మైనస్ చూపించే పాస్‌బుక్ ఎవరి చేతిలోనైనా ఉంటే, ముందుగా చూడవలసింది ఆ మైనస్ ఏ పద్దు వల్ల వచ్చిందన్నదే.

తెలంగాణలో చాలా ఇళ్లకు ఈ జరిమానా సంగతి 2017లో బాగా తెలిసివచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసిపోయింది. ఐదేళ్లుగా లేని కనీస నిల్వ జరిమానాను ఎస్‌బీఐ తిరిగి తెచ్చిందీ ఆ నెలలోనే. ఏప్రిల్ నుంచి నవంబరు దాకా ఆ పద్దు కింద ఆ బ్యాంకు వసూలు చేసింది 1,771 కోట్ల రూపాయలు. విమర్శలు వచ్చాక తగ్గిస్తూ వచ్చి, 2020 మార్చిలో పూర్తిగా ఎత్తివేసింది. 2025లో కెనరా బ్యాంకు, పంజాబ్ నేషనల్ బ్యాంకు, ఇండియన్ బ్యాంకు కూడా అదే దారి పట్టాయి. ప్రైవేటు బ్యాంకుల్లో అనేక రకాల ఖాతాలకు ఈ జరిమానా ఇంకా ఉంది.

ఉమ్మడి ఖాతా దగ్గరికి వచ్చేసరికి 2014 నాటి నిబంధనలోని ‘ఖాతాదారు’ ఎవరన్న ప్రశ్న వస్తుంది. భార్యాభర్తల ఖాతాలు ఎక్కువగా ‘ఇద్దరిలో ఎవరైనా లేదా బతికున్నవారు’ అన్న షరతు మీద తెరుస్తారు, అంటే ఏ ఒక్కరి సంతకంతోనైనా డబ్బు తీయవచ్చు. సందేశాలు మాత్రం చాలా ఖాతాల్లో మొదటి పేరున్నవారి నంబరుకే వెళ్తాయి. మన ఇళ్లలో ఆ మొదటి పేరు సాధారణంగా మగవారిదే. ఆయన గల్ఫ్‌లోనో పొలం పనుల్లోనో ఉండి, ఇంటి ఖర్చు ఆమె నడుపుతున్నప్పుడు, నిల్వ తగ్గిన సంగతి దాన్ని సరిచేయగల మనిషికి తప్ప మిగతా అందరికీ తెలుస్తుంది. సరిచేసుకోవడానికి నెల గడువివ్వడంలోని ఉద్దేశమే అక్కడ దెబ్బతింటోంది.

కాబట్టి కనీస నిల్వ జరిమానా మీద అర్జీ పెట్టేవారు ‘ఎందుకు కోశారు’ అని మాత్రమే అడిగి ఊరుకోకూడదు. ఏ తేదీన, ఏ నంబరుకు, ఏ రూపంలో ముందస్తు సమాచారం పంపారో రాతపూర్వకంగా చెప్పమని అడగాలి. ఖాతా తెరిచినప్పటి దరఖాస్తు నకలు కూడా కోరాలి, రెండో వ్యక్తి నంబరు అందులో ఉండీ వాడలేదా, అసలు రాసే చోటే లేదా అన్నది దాని వల్ల తేలుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా చేయాలో చెబుతారు. బ్యాంకుకు ముందు ఫిర్యాదు చేయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తీసుకోరు, అందుకే బ్రాంచిలో ఇచ్చిన అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరవకూడదు.

తక్కువ డబ్బుతో నడిచే ఖాతాకు ఇంకో మార్గమూ ఉంది. దానిని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని అడగవచ్చు, వాటికి కనీస నిల్వ షరతు లేదు. అయితే ఆ బ్యాంకులో మరో పొదుపు ఖాతా ఉండకూడదు, నెలలో డబ్బు తీసుకునే విడతలకు పరిమితి ఉండవచ్చు.

మా అర్జీతో పాటే అమ్మ నంబరు కూడా చేర్చమని అడిగాం. దానికి నాన్న సంతకం కూడా ఉండాలన్నారు. ఖాతాలోని డబ్బంతా తీసేయడానికి అమ్మ ఒక్కతి సంతకం సరిపోయే చోట, అందులో డబ్బు లేదన్న కబురు అందుకోవడానికి నాన్న అనుమతి ఎందుకో కౌంటరులో ఎవరూ చెప్పలేకపోయారు. రిజర్వ్ బ్యాంకు దీన్ని సరిచేయడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు. 2014 నిబంధనలో ‘ఖాతాదారుకు తెలపాలి’ అన్నచోట ‘ఖాతాదారులందరికీ తెలపాలి’ అని మార్చి, వాయిదా తిరిగిపోయినప్పటి చార్జీలకూ దాన్ని వర్తింపజేస్తే చాలు.