మా వాడు అందరిలాంటివాడు కాదండీ!

ఇన్సూరెన్స్ కంపెనీల వారికి ఒక మనవి. మీ దరఖాస్తు ఫారంలో ఒక గడి తక్కువైంది. పేరు, పుట్టిన తేదీ, లైసెన్సు నంబరు, కారు ఏ సంవత్సరంది, రాత్రిళ్ళు ఎక్కడ పెడతారు, అన్నీ అడిగారు. ‘మీ అబ్బాయి అందరిలాంటివాడేనా?’ అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే నేను ‘కాదు’ పక్కన టిక్కు పెట్టేవాణ్ణి, మీరు ప్రీమియం తగ్గించేవారు, ఎవరి పని వాళ్ళం చూసుకునేవాళ్ళం. ఈ ఒక్క గడి లేనందువల్ల టీనేజీ పిల్లల తల్లిదండ్రులకు జరుగుతున్న అన్యాయాన్ని సాక్ష్యాధారాలతో సహా మీ ముందు పెడుతున్నాను.

మా వాడికి 17 ఏళ్ళు. ఈమధ్యే లైసెన్సు వచ్చింది. కార్డు మీద ఫొటోలో అప్పుడే ఎవరినో గుద్ది వచ్చినవాడిలా ఉన్నాడు. అయినా సరే, వాళ్ళమ్మ ఆ ఫొటోను చుట్టాలందరికీ పంపింది. ఇల్లలకగానే పండగ కాదని మర్నాడు తెలిసింది. పాలసీలో ఇంకో పేరు చేర్చాలని ఏజెంటుకు ఫోన్ చేశాను. పదేళ్ళుగా ఒక్క క్లెయిము కూడా చెయ్యని మనిషిని కదా, గొంతులో కాస్త ధీమా కూడా ఉంది.

“ఎవరి పేరండీ?”

“మా అబ్బాయిది.”

“వయసు?”

చెప్పాను. అవతల కాసేపు కీబోర్డు టకటకలు తప్ప ఏమీ వినపడలేదు. ఎక్స్‌రే చేతిలో పట్టుకుని డాక్టరు ఏమీ మాట్లాడకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది నాకు. చివరికి ఒక అంకె చెప్పాడు.

“నేనడిగింది ప్రీమియం అండీ. కారు ధర కాదు.”

“ప్రీమియమేనండీ.”

“చూడండి, మా వాడు అందరిలాంటివాడు కాదు. చాలా జాగ్రత్త మనిషి.”

“అందరూ అలాగే అంటారండీ” అన్నాడాయన, పాపం మర్యాదగానే.

ఆ మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అందరూ అలాగే అంటే మరి కార్లు గుద్దుతున్న పిల్లలు ఎవరి పిల్లలు? ఏ తండ్రీ ఇంతవరకూ ఫోన్ చేసి, “అయ్యా, మా వాడు కొంచెం తిక్క మనిషి, సిగ్నల్ పసుపులోకి రాగానే వాడికి ఉత్సాహం వస్తుంది, ఇంకో నాలుగు కాసులు ఎక్కువే వేసుకోండి” అని చెప్పిన దాఖలా లేదట. అంటే లోకంలో ఉన్న కుర్రాళ్ళంతా జాగ్రత్తపరులే. ప్రమాదాలు వాటంతటవే జరుగుతున్నాయి.

కంపెనీల దగ్గర మాత్రం వేరే లెక్కలున్నాయి. అమెరికాలో చూస్తే, నడిపిన మైళ్ళతో పోల్చినప్పుడు ప్రాణాలు పోయే ప్రమాదాల రేటు 16 నుంచి 19 ఏళ్ళ డ్రైవర్లలో 20 దాటినవాళ్ళ కంటే దాదాపు 3 రెట్లు ఉంది. దీనికి వాళ్ళు చెప్పే కారణాలు కూడా అవమానకరంగానే ఉన్నాయి. మొదటిది అనుభవం లేకపోవడం. అది సరే. రెండోది మెదడు. ‘ఇప్పుడిది అవసరమా?’ అని ఆగి ఆలోచించే భాగం ఒకటి నుదుటి వెనక ఉంటుందట. అది పూర్తిగా తయారయ్యేసరికి పాతికేళ్ళ దాకా పడుతుందట. ప్రీమియం కాస్త కిందికి చూసేదీ ఇంచుమించు ఆ వయసులోనే. మరోలా చెప్పాలంటే, బండి షోరూం నుంచి వచ్చేసింది గానీ మా వాడికి బ్రేకులు ఇంకా బిగిస్తున్నారు.

మనుషుల్ని గుంపులుగా పోసి వయసును బట్టి వెల కట్టే ఈ విద్య ఎవరు మొదలుపెట్టారా అని ఆరా తీశాను. తీగ లాగితే తోకచుక్క కదిలింది. ఎడ్మండ్ హేలీ గారు, అదే, తోకచుక్క 1758లో తిరిగొస్తుందని లెక్క కట్టిన పెద్దమనిషి, 1693లో బ్రెస్లా అనే ఊరి జనన మరణాల లెక్కలు ముందేసుకుని ఏ వయసువాళ్ళు ఎంతమంది బతికుంటారో పట్టిక వేశాడు. జీవిత బీమా గణితానికి అదొక పునాది రాయి. చుక్కల్ని చూసుకునే మనిషి చుక్కల్ని చూసుకోక మనుషుల మీద పడ్డాడు. ఆయన చెప్పిన వేళకి తోకచుక్క వచ్చింది కూడా. మా వాడు రాత్రి పదింటికి వస్తానని చెప్పి ఏనాడూ పదింటికి రాలేదు. కాబట్టి తోకచుక్కకు పనికొచ్చే గణితం మా వాడికి పనికిరాదని నా మొదటి వాదన. ఏజెంటు దీన్ని నమోదు చేసుకోలేదు.

న్యాయం ఎక్కడైనా ఉందా అని వెతికితే హవాయిలో ఉంది. ఆ రాష్ట్రంలో వయసును బట్టి గానీ, ఎన్నేళ్ళుగా నడుపుతున్నారన్న దాన్ని బట్టి గానీ కారు ప్రీమియం నిర్ణయించకూడదు. ఈ సంగతి మా ఆవిడకు చెప్పాను. కారు ఇన్సూరెన్స్ కోసం సముద్రం మధ్యకి కాపురం మార్చే మనిషిని ఇప్పుడే చూస్తున్నానంది. ఐరోపాలో ఇంకో రకం న్యాయం చేశారు. అబ్బాయిలు ఎక్కువ గుద్దుతారని అబ్బాయిల దగ్గర ఎక్కువా, అమ్మాయిల దగ్గర తక్కువా తీసుకునేవారు. ఇది వివక్ష అని అక్కడి న్యాయస్థానం 2011లో తేల్చింది. 2012 డిసెంబరు 21 నుంచి ఆడా మగా తేడా చూపించకూడదు. జాగ్రత్తగా నడిపే అమ్మాయిలకు ఆడపిల్లలన్న కారణంతో దక్కే తగ్గింపు అలా పోయింది. సమానత్వం అంటే అబ్బాయిల ఖర్చులో అమ్మాయిలకు వాటా ఇవ్వడమని చాలామందికి అప్పుడే తెలిసి ఉంటుంది.

ఇక చవగ్గా దొరికే దారుల సంగతి. నాలుగు కంపెనీలను అడిగాను. ఒకే పిల్లవాడు, ఒకే కారు, ఒకే ఇల్లు. నాలుగు అంకెలొచ్చాయి, అన్నిటికన్నా పెద్దది అన్నిటికన్నా చిన్నదానికి దాదాపు రెట్టింపు. ఇంత శాస్త్రీయంగా లెక్క వేసేవాళ్ళకు నలుగురికీ ఒకే జవాబు రాకపోవడం ఏమిటని అడగబోయి, చిన్న అంకె చెప్పినవాడికి కోపం వస్తుందేమోనని ఊరుకున్నాను. మా వాడికి విడిగా పాలసీ తీసుకుంటే నడ్డి విరుగుతుంది. మా పాలసీలోనే చేరిస్తే నడ్డి వంగుతుంది. వంగడమే మేలని చేర్చాం.

ఈలోగా మా ఆఫీసులో ఒక శ్రేయోభిలాషి దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, “ఎందుకొచ్చిన గొడవ? ఎక్కువగా నడిపేది నేనే, అబ్బాయి ఎప్పుడో ఒకసారి ముట్టుకుంటాడు అని రాసేయండి” అన్నాడు. బ్రిటన్‌లో ఈ విద్యకు ఫ్రంటింగ్ అని పేరు కూడా ఉంది, అక్కడది మోసం కిందికి వస్తుంది. ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవరూ ఏమీ అడగరు. రోజూ కాలేజీకి వెళ్ళే కారు కాలేజీ గేటు దగ్గరే గుద్దుకున్నప్పుడు అడుగుతారు. క్లెయిము పోతుంది, పాలసీ కూడా పోవచ్చు. శ్రేయోభిలాషి అప్పటికి వేరే ఆఫీసుకు బదిలీ అయిపోయి ఉంటాడు.

డిడక్టబుల్ అనేది మాత్రం కొంచెం నిజాయితీ ఉన్న ఏర్పాటు. గుద్దితే మొదటి దెబ్బ మనం తినాలి, తర్వాతవి కంపెనీ తింటుంది. మొదటి దెబ్బ ఎంత పెద్దది తింటానని ఒప్పుకుంటే ప్రీమియం అంత తగ్గుతుంది. నేను పౌరుషంగా పెద్దదే ఒప్పుకున్నాను. ఆ డబ్బు వేరే దాచిపెట్టుకోమని ఏజెంటు చెప్పాడు. దాచిపెట్టుకునేంత డబ్బే ఉంటే ఈ పౌరుషం ఎందుకు? కారు పాతదైతే సొంత డ్యామేజీ కవరేజీ మానుకోవచ్చు గానీ ఎదుటివాడికి జరిగే నష్టానికి తీసుకునే కవరేజీ దగ్గర పిసినారితనం కూడదు. మా వాడు గుద్దబోయేది మా గేటునే అని రాసిచ్చేవాళ్ళు ఎవరూ లేరు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1927 నుంచీ, బ్రిటన్ 1930 నాటి చట్టంతోనూ తప్పనిసరి చేసింది కూడా ఈ ఎదుటివాడి సంగతే. మన కారు ఏమైతే చట్టానికేం!

కారు ఎంపిక దగ్గర ఇంట్లో కొంత రక్తపాతం జరిగింది. మా వాడు చూపించింది నేలకు జానెడు ఎత్తులో ఎర్రగా ఉండేది. కంపెనీకి నచ్చింది బీరువాకు చక్రాలు పెట్టినట్టుండేది. ఇంజను చిన్నదై ఉండాలి, ఒళ్ళు బరువుగా ఉండాలి, ఎయిర్‌బ్యాగులుండాలి, చూసినవాడికి తొక్కాలన్న కోరిక పుట్టకూడదు. చవగ్గా వస్తుందని మరీ చిన్న బండి తీసుకుందామా అంటే అది గట్టి దెబ్బకు తట్టుకోదు. చివరికి బీరువానే వచ్చింది. వాడు దాన్ని వీధి చివర నిలిపి ఇంటికి నడిచి వస్తున్నాడు.

అసలు విశేషం డిస్కౌంట్లలో ఉంది. మార్కులు బాగుంటే తగ్గింపు. అమెరికన్ కంపెనీల్లో చాలావాటికి బి గ్రేడు సగటు చాలు. ఇక ఎలా నడుపుతున్నారో ఫోన్‌లోంచే కనిపెట్టి మార్కులు వేసే కంపెనీ యాప్ ఒకటుంది. రాత్రి పొద్దుపోయాక నడపకపోతే అందులో స్కోరు పెరుగుతుంది. నడుపుతూ ఫోన్ ముట్టుకోకపోతే పెరుగుతుంది. సడెన్ బ్రేకు వెయ్యకపోతే, స్పీడు మించకపోతే పెరుగుతుంది. పక్కన ఈడువాళ్ళు ఎక్కినకొద్దీ ప్రమాదం పెరుగుతుందని లెక్కలు చెబుతున్నాయి. కూసే గాడిద వచ్చి మేసే గాడిదను చెడగొట్టిందని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. న్యూజిలాండ్ దాన్ని 1987లో లైసెన్సు నిబంధనల్లో పెట్టింది. కొత్త కుర్రాళ్ళు కొంతకాలం రాత్రిళ్ళు ఒంటరిగా నడపకూడదు, దోస్తుల్ని ఎక్కించుకోకూడదు. తర్వాత చాలా దేశాలు అదే దారి పట్టాయి.

అన్నిటికన్నా నన్ను కదిలించిన తగ్గింపు మరొకటుంది. పిల్లవాడు కారు ఇంటి దగ్గరే వదిలి, 100 మైళ్ళకు పైగా దూరంలో ఉండి చదువుకుంటే కొన్ని అమెరికన్ కంపెనీలు ప్రీమియం తగ్గిస్తాయి. ఇన్ని వందల ఏళ్ళ గణితశాస్త్రం చివరికి చేరుకున్న నిజం ఇదన్నమాట. టీనేజీ డ్రైవరుకు, కారుకు మధ్య 100 మైళ్ళు ఉంటే క్షేమం.

ఒక్క మాట ఒప్పుకోవాలి. బాగా చదువు, పెందరాళే ఇంటికి రా, ఫోన్ పక్కన పెట్టు, ఆ ముగ్గురితో తిరగకు అని నేను ఏళ్ళ తరబడి గొంతు చించుకున్నవే ఇవన్నీ. నేను చెబితే చాదస్తం. యాప్ చెబితే స్కోరు. పిల్లల పెంపకాన్ని బీమా సంస్థలకే అప్పగించే విషయం ప్రభుత్వాలు తీవ్రంగా ఆలోచించాలి. పళ్ళు తోముకోవడం దగ్గర్నుంచి మొదలుపెడితే ఇంకా మంచిది.

యాప్ వచ్చాక మా వాడు పూర్తిగా మారిపోయాడు. నేను డ్రైవింగ్ నేర్పించిన రోజుల్లో ప్రతిసారీ, “ఒరేయ్, ఆ ఫోన్ ఇటివ్వు, నేను పట్టుకుంటా” అని లాక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు వాడి స్కోరు 98. నేను పొంగిపోయి ఏజెంటుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. ఇంత తేలిగ్గా ఎలా సాధించాడా అని గమనిస్తే, వాడసలు నడపడం లేదు. నడిపితే స్కోరు పడిపోతుందట. పొద్దున నన్ను దింపమంటాడు. సాయంత్రం తీసుకురమ్మంటాడు. బీరువా వీధి చివర ఉంది, ప్రీమియం నేను కడుతున్నాను, డ్రైవరు కూడా నేనే.

మొన్న శనివారం రాత్రి వాణ్ణీ, వాడి ముగ్గురు దోస్తుల్నీ ఇంకో దోస్తు ఇంటి దగ్గర దింపడానికి బయల్దేరాను. మా వాడు నా పక్క సీట్లో. దారిలో నా ఫోన్ మోగింది. చూస్తే ఏజెంటు. పాలసీ గురించేమో అని ఒక చేత్తో తీసుకోబోయాను. ముందు కారు ఆగింది. నేను బ్రేకు మీద నిలబడ్డాను. సీటు బెల్టులు అందర్నీ ఒక్కసారి వెనక్కి గుంజాయి.

మా వాడి జేబులో ఫోన్ కుయ్యిమంది. వాడు తీసి చూశాడు. ఆ యాప్‌కి ఫోన్ కదులుతోందని తెలుస్తుంది గానీ స్టీరింగు ఎవరి చేతిలో ఉందో తెలియదు పాపం. వాడు ఏదో నొక్కుతుంటే అడిగాను.

“ఏం లేదు నాన్నా. నడిపింది నువ్వా, పక్కన కూర్చున్నావా అని అడుగుతోంది. పక్కన కూర్చున్నానని పెడుతున్నా.” చెయ్యి చాపాడు. “ఆ ఫోన్ ఇటివ్వు, నేను పట్టుకుంటా.”

ఇచ్చాను. కారు కదిలింది. వెనక ముగ్గురూ ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నారు. మా వాడు వెనక్కి తిరిగి వాళ్ళకు ధైర్యం చెప్పాడు.

“భయపడకండ్రా. మా నాన్న అందరిలాంటివాడు కాదు. చాలా జాగ్రత్త మనిషి.”

“అందరూ అలాగే అంటార్రా” అని వెనక సీట్లోంచి ఎవరో గొణిగారు.