తప్పంతా దెకార్త్‌దేనా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న వాదన ఒకటుంది. మనసు వేరు, శరీరం వేరు అన్న పొరపాటు ఫ్రెంచి తత్వవేత్త దెకార్త్‌ది. మన దర్శనాలకు ఆ విభజనే తెలియదు. ఆ పునాది మీద లేచినవి కాబట్టే పాశ్చాత్యుల సైకాలజీ, సోషియాలజీలకు మనిషి అంతుపట్టడు. చివరికి క్వాంటం ఫిజిక్స్ కూడా మన దారికే వచ్చింది. ఇదీ దాని సారాంశం. వినడానికి హాయిగానే ఉంది.

ముందు దెకార్త్ సంగతి. ఆత్మ దేహంలో బందీ అని ఆయనకు దాదాపు రెండు వేల ఏళ్ల ముందే ప్లేటో రాశాడు. దెకార్త్ 1641లో 'మెడిటేషన్స్' అనే గ్రంథంలో ఆలోచించేది ఒకటి, చోటు ఆక్రమించేది ఇంకొకటి అని గీత గీసిన మాట నిజమే. కానీ అదే గ్రంథంలో, ఓడలో నావికుడు కూర్చున్నట్టు నేను ఒంట్లో కూర్చుని లేను, దానితో కలగలిసి ఉన్నాను అనీ రాశాడు. చోటే ఆక్రమించని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని 1643లో బొహీమియా యువరాణి ఎలిజబెత్ ఉత్తరం రాసి నిలదీసింది. ఆమెను ఒప్పించే జవాబు ఆయన దగ్గర లేకపోయింది. రెండేళ్లు తిరక్కుండానే పాశ్చాత్యుల సొంతగడ్డ మీదే పడిన దెబ్బ ఇది.

"మనకు విభజన తెలియదు" అన్నచోట మాత్రం నవ్వొచ్చింది. ఇంట్లో ఎవరైనా పోతే ఘంటసాల భగవద్గీత పెట్టేది మనమే కదా! చిరిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు దేహి దేహాలు మారుస్తాడన్నది గీతలోని మాటే. మన దర్శనాల్లో ఒకటైన సాంఖ్యమైతే పచ్చి ద్వైతం: పురుషుడు, ప్రకృతి అని రెండు మూలాలు. అయితే రెంటి మధ్యా సరిహద్దు ఎక్కడ గీశారో చూడండి. బుద్ధి, అహంకారం, మనసు మూడూ ప్రకృతి వైపే, అంటే రాయీ రప్పా ఉన్న వైపే. అవతల పురుషుడిగా మిగిలింది ఊరికే చూస్తూ ఉండే చైతన్యం ఒక్కటే. దెకార్త్ విభజనకూ దీనికీ ఉన్న తేడా చిన్నది కాదు. ఫార్వర్డ్ రాసినవారు దీన్ని పట్టుకుని ఉంటే ఎంతో బాగుండేది.

చిక్కు మాత్రం ఇక్కడా ఉంది. ఏ పనీ చేయని పురుషుడు, తెలివి లేని ప్రకృతి ఎలా జతకడతారు? కుంటివాడు గుడ్డివాడికి దారి చూపినట్టు అంటుంది సాంఖ్యం. అద్వైతి శంకరాచార్యుడు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని వదల్లేదు: కుంటివాడు కనీసం నోటితోనైనా చెబుతాడు, మీ పురుషుడికి ఆపాటి క్రియ కూడా లేదే? ఎలిజబెత్ అడిగిందీ ఇంచుమించు ఇదే. ఇంకోపక్క భౌతికవాదులైన లోకాయతులు చైతన్యం నేల, నీరు వంటి భూతాల కలయికలోంచే పుడుతుందన్నారు. న్యాయ, వైశేషిక దర్శనాల వారు మనసును అణుప్రమాణం గల ద్రవ్యమన్నారు. ఆయుర్వేద గ్రంథకర్త చరకుడు శరీర దోషాలను, మానస దోషాలను వేరుగానే చెప్పి, శరీరం మనసును, మనసు శరీరాన్ని అనుసరిస్తాయనీ అన్నాడు. తరాల తరబడి తగువులాడుకున్న వీళ్లందరినీ "మన ఋషులు" అనే ఒకే గాట కట్టేయడం ఏం గౌరవం?

క్వాంటం గురించి ఒక్క మాట చాలు. చూసేవాడి చైతన్యమే ఫలితాన్ని తేలుస్తుందని దాని పేరిట చెబుతుంటారు గానీ, కొలత జరగడానికి అక్కడ మనిషి మనసు అక్కర్లేదు, పరికరం చాలు.

ఇక మానవశాస్త్రాలు. నడక, ఈత, నిద్రపోయే తీరు కూడా సమాజం నేర్పినవేననీ, వాటిని అర్థం చేసుకోవాలంటే శరీరం, మనసు, సమాజం మూడింటినీ కలిపి చూడాలనీ 1934లోనే ఫ్రెంచి సామాజికవేత్త మార్సెల్ మాస్ ఉపన్యసించాడు. ఆచరణలో మనసుకూ శరీరానికీ మధ్య గోడ ఇంకా ఉందన్న ఫిర్యాదు మాత్రం నిజం. స్కానింగులో ఏమీ కనిపించకపోతే "అంతా మీ మనసులోనే ఉంది" అని పంపించేయడం మనకు తెలియనిది కాదు. ఆ గోడను కూల్చే పని శ్లోకాలతో అయ్యేది కాదు, పరిశోధనతో కావాలి. 1967లో లండన్‌లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం సుమారు 18,000 మంది పురుష ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించింది. అందరూ ఆఫీసు ఉద్యోగులే. అయినా అట్టడుగు హోదా వారిలో మరణాల రేటు పై అధికారుల కంటే దాదాపు మూడు రెట్లు ఉంది. పొగతాగడం, రక్తపోటు, కొలెస్ట్రాల్ లెక్కేసినా ఆ తేడా పూర్తిగా తేలలేదు. 1985లో మొదలైన రెండో విడతలో ఇంకో సంగతి బయటపడింది: తన పని మీద తనకు అదుపు తక్కువగా ఉన్న ఉద్యోగికి గుండెజబ్బు ముప్పు ఎక్కువ. సీటు ఎవరిది, నిర్ణయం ఎవరిది అన్నవి మనసు ఖాతాలో రాయాలా, శరీరం ఖాతాలోనా?