గొర్రెపిల్లకు నాలుగు చెవులు

2020 జనవరిలో సోషల్ మీడియా ఒక గొర్రెపిల్ల మొహం చూసి తెగ నవ్వుకుంది. బెల్జియంలోని ఘెంట్ నగరంలో, సెయింట్ బావో కేథడ్రల్ బలిపీఠం కోసం హ్యూబర్ట్, యాన్ వాన్ ఐక్ అన్నదమ్ములు చెక్క పలకల మీద వేసిన చిత్రాలు 1432 నాటికి పూర్తయ్యాయి. వాటి నడిమధ్యన, క్రీస్తుకు గుర్తుగా ఉన్న ‘దేవుని గొర్రెపిల్ల’ను శుభ్రం చేసి ఫోటోలు బయటపెడితే, దాని కళ్లు ముందుకు తిరిగి, మనిషి చూసినట్టు సూటిగా చూస్తున్నాయి. ‘బొమ్మను చెడగొట్టారు’ అన్నారు చాలామంది. 2012లో స్పెయిన్‌లోని బోర్హా పట్టణంలో ఒక చర్చి గోడ మీది క్రీస్తు చిత్రానికి పట్టిన గతిని గుర్తు చేసుకున్నారు కూడా.

ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం అన్యాయం. బోర్హాలో భక్తితో కుంచె పట్టిన ఓ పెద్దావిడ పరిశీలన, నివేదిక లాంటివేవీ లేకుండానే చిత్రం మీద రంగు వేసేశారు. ఘెంట్‌లో కనిపించిన ఆ ‘కొత్త’ మొహం వాన్ ఐక్‌లదే. మనకు అలవాటైన మెత్తటి, అమాయకపు మొహం సుమారు 1550లో మరమ్మతు పేరుతో వేరేవాళ్లు పైన పూసింది. ఇంత ధీమాగా చెప్పగలుగుతున్నామంటే కారణం ఒక్కటే. రంగు గీకడానికి ముందు, గీకుతున్నప్పుడు, గీకాక ఏం జరిగిందో అంతా రాసి పెట్టారు.

ఆ రాత ఇప్పుడు మొదలైంది కాదు. 1950-51లో బెల్జియం కళా పరిరక్షణ నిపుణుడు పాల్ కోరెమన్స్ నాయకత్వంలో ఈ పలకలను పరీక్షించి, చికిత్స చేసి, ఫోటోలు తీసి, రంగు పొరల నమూనాలు దాచిపెట్టారు. అప్పుడే గొర్రెపిల్ల తల చుట్టూ కొంత పైపూత తీశారు. దాంతో అడుగునున్న అసలు చెవులు బయటపడ్డాయి. పైపూతలోని చెవులు మాత్రం అలాగే ఉండిపోయాయి. ఫలితం, 1951 నుంచి ఈమధ్య దాకా ఆ గొర్రెపిల్లకు నాలుగు చెవులు! చూసినవాళ్లకు వింతగానే ఉండేది. కానీ ఇది ఎవరి పొరపాటు, ఎప్పటిది అని తల పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఫైల్ ఉంది.

2012 అక్టోబరులో బెల్జియం రాజ వారసత్వ సంస్థ నిపుణులు మళ్లీ పని మొదలుపెట్టారు. ఘెంట్ లలితకళల మ్యూజియంలో అద్దాల గది కట్టి, జనం చూస్తుండగానే చేశారు. బలిపీఠాన్ని తలుపుల్లా మూసినప్పుడు కనిపించే బయటి పలకల మీద వార్నిష్ తీశాక అసలు టెన్షన్ మొదలైంది. పైకి కనిపిస్తున్న రంగులో సుమారు 70 శాతం వాన్ ఐక్‌లది కాదని తేలింది. అప్పటిదాకా పుస్తకాలు రాసిన పండితులెవరూ దీన్ని పసిగట్టలేదు. ఎక్స్‌రేలు తీశారు, రంగులోని సీసం, పాదరసం ఎక్కడెక్కడ ఉన్నాయో పటాలు గీశారు, పాత నమూనాలను మళ్లీ మైక్రోస్కోప్ కింద పెట్టారు. కింద అసలు రంగు చాలావరకు క్షేమంగా ఉందని నమ్మకం కుదిరాక, అంతర్జాతీయ నిపుణుల సంఘంతో చర్చించి, మైక్రోస్కోప్‌లో చూస్తూ సన్నటి కత్తితో మిల్లీమీటరు మిల్లీమీటరుగా పైపూత తీశారు.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉంది. ఆ పైపూత కూడా నాలుగున్నర శతాబ్దాల నాటిది. దానికీ చరిత్ర ఉంది. అతికించింది ఊడదీయొచ్చు, పూరించింది మళ్లీ చెరపొచ్చు, గీకేసిన రంగును మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. అంటే 16వ శతాబ్దపు గొర్రెపిల్ల ఇప్పుడు ఫోటోల్లోనే బతికుంది. అందుకే ఇలాంటి పనిలో డాక్యుమెంటేషన్‌ను చివర్లో పడేసే ఆఫీసు లాంఛనంగా చూడటం నాకు మింగుడుపడదు. తీసేసిన పొరకు మిగిలిన ఏకైక ఉనికి అదే.

ఘెంట్ వాళ్లనూ పూర్తిగా వెనకేసుకు రాను. 2012లో ఈ చిత్రాన్ని 10,000 కోట్ల పిక్సెళ్లతో ఇంటర్నెట్‌లో పెట్టారు. ముత్యం మీది మెరుపు, గడ్డిపోచ అంచు ఇంట్లో కూర్చుని చూడొచ్చు. అద్భుతమే. కానీ కత్తి ఫలానా చోట ఎందుకు ఆగింది, ఫలానా పైపూతను ఎందుకు ఉంచారు అన్నది ఏ పిక్సెలూ చెప్పదు. ఆ కారణాలు నివేదికల్లో, సాంకేతిక భాషలో ఉంటాయి. బొమ్మకు ఇచ్చినంత చోటు నిర్ణయానికీ ఇచ్చుంటే, 2020లో ఆ ఎగతాళి కొంతైనా తగ్గేదేమో.

సరే, అంత డబ్బు, అన్ని యంత్రాలు ఎన్ని చర్చిలకు ఉంటాయి? ఈ మాటకు ఇంగ్లండ్‌లో మంచి జవాబుంది. అక్కడి చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌కు చెందిన ప్రతి పారిష్‌లో, అంటే ప్రతి స్థానిక సంఘంలో, లాగ్ బుక్ రాయాలని చట్టమే చెబుతుంది. చర్చికి, అందులోని వస్తువులకు చేసిన మరమ్మతులు, మార్పులు, చేర్పులు అందులో ఎక్కించాలి. సంబంధిత కాగితాలు ఇంకెక్కడైనా ఉంటే ఆ చోటూ రాయాలి. ఆ బాధ్యత చర్చ్‌వార్డెన్లది, అంటే మామూలు సంఘ సభ్యులది. లేజర్లు అక్కర్లేదు, ఒక పుస్తకం చాలు.

మన దగ్గర? మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరుపుకుంది. లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపకల్పన చేసిన రంగు అద్దాల కిటికీలు చూడటానికే ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అలాంటి పేరున్నవాటి మీద నలుగురి కన్ను ఉంటుంది. నా బెంగ చిన్న ఊళ్లలోని మిషన్ కాలపు చర్చిల గురించి. టేకు ప్రసంగ వేదిక, బాప్తిస్మపు తొట్టి, దాతల పేర్లు చెక్కిన బెంచీలు, పాత గంట. నవంబరు వచ్చిందంటే పండక్కి రంగులు మొదలు. పాస్టర్ గారు మారతారు, కమిటీ మారుతుంది, పెయింటర్ మారతాడు. టేకు మీద ఎనామెల్ పడుతుంది, దాని మీద గోల్డ్ పెయింట్. అడుగున పాలిష్ ఏదో, ఎప్పటిదో చెప్పేవాళ్లు ఉండరు. వందేళ్ల చెక్క కాబట్టి ‘పాతబడింది’ అని తీసి అమ్మేసినా అడిగేవాళ్లు ఉండరు.

ఫోటోలు పెడితే దొంగలకు దారి చూపినట్టే కదా అని కొందరు భయపడతారు. ఆ భయం ఉత్తదేమీ కాదు. అయితే ఎక్కడ ఉంది, తాళం ఎవరి దగ్గర అన్నవి బయటపెట్టకుండా కూడా ఫోటో దాచుకోవచ్చు. తమిళనాడు గుళ్ల నుంచి పోయిన విగ్రహాలు విదేశీ మ్యూజియాల్లో తేలినప్పుడు, అవి మనవేనని చూపడానికి పనికొచ్చింది పుదుచ్చేరి ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఎప్పుడో తీసి ఉంచిన ఫోటోలే. ఘెంట్ బలిపీఠంలో ‘న్యాయవంతులైన న్యాయాధిపతులు’ పలక 1934లో దొంగల పాలై ఇప్పటికీ దొరకలేదు. దాని స్థానంలో నకలు వేయగలిగారంటే, అసలు పలకను చూసి ఎప్పుడో వేసిన పాత ప్రతి, ఫోటోలు ఉండబట్టే.

ఈసారి రంగులకు ముందు కమిటీ మీటింగ్‌లో ఒక్క యువకుడికి ఈ పని అప్పగిస్తే చాలు. ప్రతి వస్తువునూ ఎదురుగా నిలబడి, పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోన్‌తో ఫోటో తీయాలి. టార్చి పక్కనుంచి వేసి ఇంకోటి తీస్తే పగుళ్లు, ఉబ్బులు బయటపడతాయి. పని అయ్యాక అదే చోటు నుంచి మళ్లీ తీయాలి. ఎవరు చేశారు, ఏం వాడారు, ఏం ముట్టుకోలేదు, ఎందుకు అన్నవి నోటుబుక్కులో రాసి సంతకం పెట్టాలి. ఫోన్ పోయినా ఉండేలా కొన్ని ప్రింట్లు తీయించి రిజిస్టర్‌లో అతికించాలి. ఖాళీ పెయింట్ డబ్బాలు పారేసే ముందు వాటి లేబుళ్లను కూడా ఫోటో తీయమని చెప్పండి.